లైన్ కార్డు పోయిందా, స్లాట్ పోయిందా: పీకే ముందు తేల్చుకోవాల్సినవి

ప్రశ్న క్లుప్తంగా ఇది. చెన్నై అంబత్తూరు సైట్‌లో కోర్ రూటర్. మూడో స్లాట్‌లో 16 పోర్టుల 10 గిగాబిట్ లైన్ కార్డు, అంటే బయటి ఫైబర్లు వచ్చి తగిలే కార్డు. మంగళవారం రాత్రి నుంచి రెండుసార్లు దానంతటదే రీబూట్ అయింది. లేచాక 8 నుంచి 11 దాకా నాలుగు పోర్టుల్లో దాదాపు 2 శాతం ప్యాకెట్లు పోతున్నాయి, 9వ పోర్టులో సీఆర్‌సీ ఎర్రర్లు (దారిలో చెడిపోయి వచ్చిన ఫ్రేముల లెక్క) కూడా పెరుగుతున్నాయి. సపోర్ట్ వాళ్లు ఒకసారి కార్డు పీకి మళ్లీ పెట్టి చూడమన్నారు. స్పేర్ బెంగళూరు స్టోర్‌లో ఉంది. ఏం చేయాలి?

స్పేర్‌ను ఇప్పుడే బయల్దేరదీయండి. కార్డును మాత్రం ఇంకా ముట్టుకోకండి. హోసూరు, కృష్ణగిరి, వేలూరు మీదుగా 350 కిలోమీటర్ల దారి, రాత్రి బండికి వేస్తే తెల్లారేసరికి మీ చేతిలో ఉంటుంది. ఈలోపు చేయాల్సిన పని చాలా ఉంది.

పీకి పెట్టడం మీద నాకు కోపమేమీ లేదు, చాలాసార్లు పనిచేస్తుంది కూడా. చిక్కల్లా ఎందుకు పనిచేసిందో తెలియకపోవడమే. కార్డు మీది చిప్పులు తమ ఎర్రర్ రిజిస్టర్లను, కౌంటర్లను తమలోనే ఉంచుకుంటాయి. కరెంటు తీసిన క్షణంలో అవన్నీ సున్నా. మూడు వారాలకు అదే జబ్బు మళ్లీ వస్తే, అదే సపోర్ట్ ఇంజనీరు "పోయినసారి లాగ్స్ ఉన్నాయా" అని అడుగుతాడు. మీ దగ్గర ఉండవు.

మీరు చెప్పిన దాంట్లోనే ఒక మంచి ఆనవాలు ఉంది: 8, 9, 10, 11. వరసగా నాలుగు. 16 పోర్టుల 10 గిగ్ కార్డుల్లో ఒక్కో ఫార్వార్డింగ్ చిప్ (ప్యాకెట్లను దారి చూసి పంపేది) కింద నాలుగేసి పోర్టులు ఉండే డిజైన్ మామూలే. జూనిపర్ ఎమ్‌ఎక్స్ వరుసలోని 16 పోర్టుల ఎమ్‌పీసీలో నాలుగు చిప్పులు, ఒక్కోదానికి నాలుగు పోర్టులు. సిస్కో ఏఎస్‌ఆర్ 9000లో 24 పోర్టుల టైఫూన్ కార్డయితే ఎనిమిది ఎన్‌పీలు (అక్కడ ఆ చిప్‌ను నెట్‌వర్క్ ప్రాసెసర్ అంటారు), ఒక్కోదానికి మూడు పోర్టులు. అందుకే మొదట చూడాల్సింది ఎర్రర్ ఏమిటని కాదు, ఎంతమేర వ్యాపించిందని. ఒక్క పోర్టులో ఆగితే ఆప్టిక్ (ఫైబర్ తగిలే లేజర్ మాడ్యూల్), ఫైబర్, లేదా పోర్టు కేజ్ (ఆప్టిక్ దూరే లోహపు గూడు). ఒక చిప్ కింది పోర్టులన్నిటికీ పాకితే ఆ చిప్, లేదా దాని మెమరీ. కార్డు మొత్తానికి పాకితే కార్డు సీపీయూ, కార్డు మీది పవర్ కన్వర్టర్లు, లేదా స్లాట్. రెండు మూడు కార్డుల్లో ఒకేసారి కనిపిస్తే కార్డుల్ని వదిలేసి ఫ్యాబ్రిక్ (కార్డుల మధ్య ప్యాకెట్లు మోసే లోపలి స్విచ్) వైపు, పవర్ వైపు తిరగండి. ఆ హద్దు గీయగలిగితే సగం పని అయిపోయినట్టే. మీ కేసులో హద్దు ఒక చిప్ దగ్గర ఆగినట్టుంది. 9వ పోర్టు సీఆర్‌సీ మాత్రం బహుశా వేరే గొడవ. రెండిటినీ కలిపి చూస్తే దారి తప్పుతారు.

ముందు సాక్ష్యం పోగుచేయండి. టెర్మినల్ లాగింగ్ ఆన్ చేసుకుని, రూటర్ గడియారం ఎన్‌టీపీ టైమ్ సర్వర్‌తో కలిసి ఉందో లేదో చూసి, అది యూటీసీలో ఉందా మన టైమ్‌లో ఉందా రాసుకోండి. అయిదున్నర గంటల తేడా పట్టించుకోక, కార్డు పడిన సమయాన్నీ జనరేటర్ మారిన సమయాన్నీ జతచేయలేకపోయిన కేసులు కొల్లలు. సిస్కో ఐఓఎస్ ఎక్స్‌ఆర్ అయితే అడ్మిన్ షో ప్లాట్‌ఫామ్, షో పీఎఫ్ఎమ్ లొకేషన్ ఆల్, ఆ కార్డు లొకేషన్ ఇచ్చి షో రీబూట్ హిస్టరీ, షో కాంటెక్స్ట్, షో ఏసిక్ ఎర్రర్స్ ఆల్, షో కంట్రోలర్స్ ఎన్‌పీ కౌంటర్స్ ఆల్. జూనిపర్ జూనోస్ అయితే షో ఛాసిస్ అలారమ్స్, షో ఛాసిస్ ఎఫ్‌పీసీ డీటెయిల్ 3, షో ఛాసిస్ ఎన్విరాన్‌మెంట్, షో సిస్టమ్ కోర్ డంప్స్, షో లాగ్ ఛాసిస్‌డీ, షో లాగ్ మెసేజెస్. చివరగా షో టెక్, లేదా రిక్వెస్ట్ సపోర్ట్ ఇన్ఫర్మేషన్. ఫైళ్లను రూటర్ బయటికి కాపీ చేసేదాకా పని అయినట్టు కాదు.

కౌంటర్లు ఒక్కసారి తీస్తే చాలదు. అయిదు నిమిషాల తేడాతో మూడుసార్లు తీయండి. 40 లక్షల ఎర్రర్లు అని ఉన్నా అది రెండేళ్ల కిందటి ఫైబర్ కట్‌లో పోగైనది కావచ్చు. పెరుగుతున్న 12 ఎర్రర్లే ఈ రోజు మీ జబ్బు. క్లియర్ కౌంటర్స్ కొట్టకండి, తీసివేత లెక్క మీరే చేసుకోండి.

ఇక రీబూట్ కారణం. రెండుసార్లు పడింది కదా, రెండిటికీ కారణం ఒకటేనా? కోర్ ఫైల్ (ప్రాసెస్ కూలినప్పుడు మిగిలే మెమరీ నకలు) ఉండి, ప్రతిసారీ అదే ప్రాసెస్, అదే చోట పడితే సాఫ్ట్‌వేర్ బగ్‌ను అనుమానించాలి. అలాంటప్పుడు కొత్త కార్డు వేసినా అదే కథ నడుస్తుంది. కోర్ ఏదీ లేకుండా కార్డు ఒక్కసారిగా మాయమై, రూటర్‌ను నడిపే కంట్రోల్ కార్డు వైపు లాగ్‌లో హార్ట్‌బీట్ (బతికే ఉన్నానని కార్డు పంపే సంకేతం) పోయిందని మాత్రమే ఉంటే పవర్, కార్డు సీపీయూ, స్లాట్ కనెక్షన్, ఈ మూడిట్లో ఒకటి. మెమరీలో సరిచేయలేని ఎర్రర్ వచ్చి కార్డు తనంతట తనే రీసెట్ చేసుకుంటే ఆ మాట లాగ్‌లో స్పష్టంగా కనిపిస్తుంది.

మెమరీ ఎర్రర్ల గురించి కొంచెం నిలబడి చెప్పాలి, ఎక్కువ మంది తొందరపడి కార్డు మార్చేసేది ఇక్కడే. మెమరీలో ఒక్క బిట్ తారుమారైతే ఈసీసీ (తప్పు దిద్దే కోడ్) దాన్ని సరిచేసి లెక్క రాసుకుంటుంది. ఒకే మెమరీ వర్డ్‌లో రెండు బిట్లు మారితే పట్టుకోగలదు గానీ సరిచేయలేదు. వట్టి పారిటీ ఉన్న మెమరీలో ఒక్క బిట్‌నూ సరిచేయడం కుదరదు, పట్టుకోవడమే. ఇలా బిట్ మారడానికి కార్డు చెడిపోయి ఉండాల్సిన పనిలేదు. కాస్మిక్ కిరణాల వల్ల పుట్టే న్యూట్రాన్లు, చిప్ ప్యాకేజీలోని పదార్థం నుంచి వచ్చే ఆల్ఫా కణాలు కూడా బిట్‌ను తిప్పేస్తాయి. దాన్ని సాఫ్ట్ ఎర్రర్ అంటారు. కార్డు రీలోడ్ చేస్తే పోతుంది, మళ్లీ రాకపోవచ్చు. కాబట్టి ఏడాదికొకసారి వచ్చిన పారిటీ ఎర్రర్‌కు ఆర్‌ఎమ్‌ఏ (కంపెనీకి తిప్పిపంపి మార్పించుకోవడం) అక్కర్లేదు. అదే చిప్, అదే బ్యాంక్, అదే అడ్రస్ రెండోసారి కనిపించిందంటే అది సెల్ దెబ్బతిన్న హార్డ్ ఎర్రర్, ఇక చర్చ అనవసరం. మీ కార్డు మూడు రోజుల్లో రెండుసార్లు పడింది. రెండు లాగ్‌లలోని చిప్ నంబరు, అడ్రస్ పక్కపక్కన పెట్టి చూడండి. ఆ నంబరు 8 నుంచి 11 పోర్టులు కూర్చున్న చిప్‌దే అయితే కేసు దాదాపు మూసినట్టే.

ఇప్పుడు 9వ పోర్టు. సీఆర్‌సీ ఎప్పుడూ లోపలికి వచ్చే దారిలో లెక్కవుతుంది. కాబట్టి అనుమానితులు అవతలివాడి ట్రాన్స్‌మిట్ లేజర్, మధ్యలో ఫైబర్, మీ రిసీవర్. 10 గిగ్ ఎల్ఆర్ ఆప్టిక్ అయితే స్టాండర్డ్ ప్రకారం ట్రాన్స్‌మిట్ మైనస్ 8.2 నుంచి ప్లస్ 0.5 డీబీఎమ్ (కాంతి బలం కొలత) మధ్య ఉండాలి. రిసీవ్ మైనస్ 14.4కు కిందికి దిగకూడదు. మీకు రిసీవ్ మైనస్ 13.9 ఉందనుకోండి, స్క్రీన్ మీద పచ్చగానే కనిపిస్తుంది, అలారం రాదు, సీఆర్‌సీ మాత్రం రావచ్చు. పక్క పోర్టులన్నీ మైనస్ 4, మైనస్ 5 దగ్గర ఉంటే ఈ ఒక్కటి మైనస్ 13.9లో ఎందుకుందన్నదే అసలు ప్రశ్న. పదిసార్లలో ఎనిమిదిసార్లు జవాబు ప్యాచ్ కార్డ్ మొనలో అంటిన మట్టి. కనెక్టర్ తీసి ఫైబర్ మైక్రోస్కోప్‌లో చూడండి, ఒక్క క్లిక్ క్లీనర్‌తో తుడవండి, మళ్లీ స్కోప్‌లో చూడండి. చొక్కా అంచుతో తుడిచే అలవాటున్నవారిని రాక్ దగ్గరికి రానివ్వకండి. లేజర్ బయాస్ కరెంటు కూడా చూడండి. ట్రాన్స్‌మిట్ పవర్ మారకుండా బయాస్ మాత్రం నెలనెలా పెరుగుతుంటే ఆ లేజర్ ముసలిదవుతోందని అర్థం.

తుడిచినా పోకపోతే ఆప్టిక్‌ను 9 నుంచి ఖాళీగా ఉన్న మరో చిప్ పోర్టుకు మార్చండి, ఫైబర్‌తో సహా. ఎర్రర్ వెంట వస్తే ఆప్టిక్ లేదా ఫైబర్. 9లోనే మరో ఆప్టిక్‌కూ అదే ఎర్రర్ వస్తే కేజ్ లోపల టార్చ్ వేసి చూడండి, స్ప్రింగ్ పళ్లు వంగి ఉంటాయి. తర్వాత లూప్‌బ్యాక్, అంటే పోర్టు పంపింది దానికే తిరిగొచ్చేలా కలపడం. ఎల్ఆర్‌కు చిన్న ఎల్‌సీ లూప్ నేరుగా పెట్టొచ్చు. మరింత దూరం పంపే ఈఆర్‌కు మాత్రం కనీసం 5 డీబీ, జెడ్ఆర్‌కు 15 డీబీ అటెన్యుయేటర్ (కాంతిని తగ్గించేది) లేకుండా పెట్టకండి. జెడ్ఆర్ రిసీవర్ మైనస్ 7 డీబీఎమ్‌ను మించి తట్టుకోదు, దాని లేజర్ మాత్రం సున్నా నుంచి ప్లస్ 4 దాకా పంపుతుంది. లేదంటే రిసీవర్‌ను మీ చేత్తో మీరే కాల్చేసి కార్డు పోయిందని రాసుకుంటారు.

ఒక చెడ్డ ఆప్టిక్ కార్డు మొత్తాన్నీ అనుమానంలో పడేయగలదన్నది కూడా గుర్తుంచుకోండి. ఆప్టిక్‌ల సమాచారం చదివే ఐ టూ సీ బస్సును (చిప్పులు మాట్లాడుకునే ఉమ్మడి తీగను) చాలా డిజైన్లలో కొన్ని పోర్టులు పంచుకుంటాయి. ఒకటి ఆ బస్సును పట్టుకుని వదలకపోతే పక్కవాటి పవర్ రీడింగులన్నీ ఖాళీ అయిపోతాయి, కొత్తగా పెట్టిన ఆప్టిక్‌ను కార్డు గుర్తించదు. ట్రాఫిక్ మాత్రం నడుస్తూనే ఉంటుంది. అప్పుడు ఒక్కొక్కటే తీస్తూ పోవాలి. ఏది తీశాక మిగతావి చదవడం మొదలైతే అదే దోషి.

సీఆర్‌సీ లేకుండా ప్యాకెట్లు పోతున్న 8, 10, 11 సంగతికి వద్దాం. తీగ మీదినుంచి వచ్చేది శుభ్రంగానే వస్తోంది, లోపలే పోతోంది. పింగ్‌ను 64 బైట్లతో, తర్వాత 1500 బైట్లతో, డీఎఫ్ బిట్ (ప్యాకెట్‌ను ముక్కలు చేయొద్దనే గుర్తు) పెట్టి వెయ్యేసి పంపండి. ఎక్స్‌టెండెడ్ పింగ్‌లో డేటా ప్యాటర్న్ మార్చండి: ఒకసారి అన్నీ సున్నాలు, ఒకసారి అన్నీ ఎఫ్‌లు, ఒకసారి ఏబీసీడీ. పెద్ద ప్యాకెట్లకే, అదీ ఒక ప్యాటర్న్‌కే నష్టం ఎక్కువైతే ప్యాకెట్ బఫర్ మెమరీలో ఏదో ఒక డేటా లైను అతుక్కుపోయిందని బలమైన అనుమానం. రూటర్ నుంచి రూటర్‌కు కొట్టే పింగ్ ఒకే ఫ్లో. ట్రాఫిక్‌ను సమాన దారుల మీద పంచే ఈసీఎమ్‌పీ హ్యాష్ దాన్ని మంచి లింకు మీదికి పంపితే సున్నా నష్టం చూపిస్తుంది. కస్టమరేమో కొన్ని సైట్లు తెరుచుకుంటున్నాయి కొన్ని లేదని అరుస్తుంటాడు. ఇద్దరిదీ నిజమే. సోర్స్ పోర్టులు మారుస్తూ పరీక్షించండి, లేదా ఒక్కో లింకును బండిల్ (ఒకటిగా కలిపి వాడే లింకుల కట్ట) నుంచి తీసి విడిగా చూడండి.

చిప్ అని తీర్పు చెప్పే ముందు ఫ్యాబ్రిక్‌ను దాటాలి. కాగితం మీద చిన్న గడి గీయండి: అడ్డంగా బయటికి వెళ్లే స్లాట్లు, నిలువుగా లోపలికి వచ్చే స్లాట్లు. మూడో స్లాట్ అడ్డవరసా నిలువువరసా మాత్రమే చెడితే ఆ కార్డు లేదా స్లాట్. గడి అంతా పలచగా, ఒకే శాతంలో నష్టం పరుచుకుని ఉంటే ఒక ఫ్యాబ్రిక్ ప్లేన్ చెడింది. కార్డులు ప్యాకెట్లను అన్ని ప్లేన్ల మీదికీ పంచి పంపుతాయి కదా, ఒకటి పాడైతే అందరి వాటాలోనూ కొంచెం పోతుంది. జూనోస్‌లో షో ఛాసిస్ ఫ్యాబ్రిక్ ఎఫ్‌పీసీస్, ఎక్స్‌ఆర్‌లో షో కంట్రోలర్స్ ఫ్యాబ్రిక్ ఎఫ్ఐఏ డ్రాప్స్ ఇది చెబుతాయి. ఏఎస్‌ఆర్ 9000లో కంట్రోల్ కార్డు ప్రతి ఎన్‌పీకీ నిమిషానికొక పరీక్ష ప్యాకెట్‌ను ఫ్యాబ్రిక్ గుండా పంపి తిరిగి తెచ్చుకుంటుంది. వరసగా మూడు రాకపోతే పంట్ ఫ్యాబ్రిక్ డేటా పాత్ ఫెయిల్డ్ అని అలారం వేస్తుంది. ఆ అలారంలో ఎన్నో స్లాట్, ఎన్నో ఎన్‌పీ అన్నది ఉంటుంది. ఒకే ఎన్‌పీ కనిపిస్తే కార్డు. అన్ని స్లాట్ల ఎన్‌పీలూ ఒక కంట్రోల్ కార్డు వైపునుంచే ఫెయిలైతే లైన్ కార్డు నిర్దోషి.

పవర్, గాలి త్వరగా చూసేయొచ్చు, వదిలేయకూడదు. మైనస్ 48 వోల్టుల పవర్ ప్లాంట్‌లో 24 బ్యాటరీ సెల్స్ ఫ్లోట్‌లో (నిండాక నిలబెట్టే చార్జింగ్‌లో) ఉన్నప్పుడు సుమారు 54 వోల్టులు ఉంటుంది. లోడ్ ఉండగానే మీటర్‌ను డిస్ట్రిబ్యూషన్ ప్యానెల్ దగ్గర ఒకసారి, రూటర్ టెర్మినల్ దగ్గర ఒకసారి పెట్టండి. రెండిటికీ మధ్య ఒక వోల్టు కంటే ఎక్కువ తేడా ఉంటే ఎక్కడో లగ్ (కేబుల్ కొస బిగింపు) వదులైంది, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో చూస్తే అది వేడిగా దొరుకుతుంది. కార్డు పడిన సమయం బ్యాటరీ మీదికి మారిన సమయంతో కలుస్తోందా చూడండి. రెండుసార్లూ కలిస్తే కార్డు పాపం బలైంది. ఇన్‌లెట్ గాలి 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలని ఆష్రే (ఏసీ ఇంజనీర్ల సంఘం) చెప్పేది. ఆ స్లాట్ మాత్రమే పక్కవాటికంటే వేడిగా ఉంటే పక్కన ఖాళీ స్లాట్‌కు బ్లాంక్ ప్లేట్ పెట్టారో లేదో చూడండి, గాలి అటే తప్పించుకుపోతుంది.

చెన్నైలో దీనికి తోడు ఉప్పుగాలి, మురుగుకాలువల నుంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్. గంధకం వెండి పూత మీద నల్లటి సల్ఫైడ్‌ను పెంచుతుంది. అది బోర్డు మీద పాకి రెండు గీతల్ని కలిపేస్తుంది. కార్డు బయటికి తీసినప్పుడు వయాల (బోర్డు పొరల్ని కలిపే రంధ్రాల) చుట్టూ, రెసిస్టర్ల కొసల్లో నల్లటి మరకలు కనిపిస్తే ఒక్క కార్డు మార్చి ఊరుకోకండి. రాగి, వెండి కూపన్లు (పరీక్ష రేకులు) 30 రోజులు గదిలో పెట్టి ల్యాబ్‌కు పంపండి. ఐఎస్ఏ 71.04 ప్రమాణం ప్రకారం జీ1 (తుప్పు ముప్పు తక్కువున్న) గది అంటే నెలకు పెరిగే తుప్పు పొర రాగి మీద 300, వెండి మీద 200 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు. అంతకు మించితే గ్యాస్ ఫిల్టర్ పెట్టేదాకా కార్డులు పోతూనే ఉంటాయి.

ఇప్పుడు స్పేర్ వచ్చిందనుకుందాం. చల్లటి బండిలో వచ్చిన కార్డు సంచిని చెన్నై ఉక్కలో వెంటనే విప్పకండి, తేమ పట్టి నీటి బిందువులవుతాయి. గదిలో రెండు గంటలు మూసినట్టే ఉంచండి. కార్డు పీకే ముందు మరో మాట. ఏళ్ల తరబడి ఆగకుండా నడిచిన కార్డుకు కరెంటు తీయడమే ఒక ప్రమాదం. 2005 నుంచి 2010 మధ్య తయారైన ఒక సరఫరాదారు మెమరీ చిప్పుల గురించి సిస్కో 2014లో బయటపెట్టింది ఇదే: నడుస్తున్నంతసేపు ఏమీ తెలియదు, పవర్ తీసి పెడితే లేవకపోవచ్చు. 2017లో వచ్చిన క్లాక్ సిగ్నల్ భాగం సమస్యలో సుమారు 18 నెలలు నడిచాక చెడే అవకాశం పెరుగుతుందని, ఒకసారి చెడితే కోలుకోదని సిస్కోనే చెప్పింది. అందుకే మీ సీరియల్ నంబరును తయారీదారు ఫీల్డ్ నోటీసులతో (తెలిసిన లోపాల ప్రకటనలతో) పోల్చి చూశాకే, స్పేర్ పక్కన ఉన్నాకే చెయ్యి పెట్టండి.

ట్రాఫిక్‌ను పక్కకు మళ్లించి, కార్డును సాఫ్ట్‌వేర్ నుంచి ఆఫ్‌లైన్ చేయండి. జూనోస్‌లో రిక్వెస్ట్ ఛాసిస్ ఎఫ్‌పీసీ స్లాట్ 3 ఆఫ్‌లైన్. ఫైబర్లకు ట్యాగులు కట్టి ఫోటో తీసుకోండి. మణికట్టు పట్టీ ఛాసిస్ (రూటర్ పెట్టె) మీది ఈఎస్‌డీ పాయింట్‌కు, అంటే ఒంటి మీది స్థిర విద్యుత్తును దింపే చోటికి, తగిలించండి. లైటు ఆరాక స్క్రూలు వదులు చేసి, పైదీ కిందదీ రెండు లీవర్లూ ఒకేసారి బయటికి తిప్పండి. ఒకదాని తర్వాత ఒకటి తిప్పితే కనెక్టర్ ఏటవాలుగా ఊడుతుంది. కార్డు తీశాక తొందరపడొద్దు. స్లాట్ లోపల టార్చ్ వేసి బ్యాక్‌ప్లేన్ పిన్నుల్ని వరసవరసగా, నేరుగా ఒకసారి, పక్కనుంచి ఒకసారి చూడండి. నేరుగా చూస్తే తిన్నగా ఉన్నట్టున్న పిన్ను పక్కనుంచి చూస్తే తలవంచుకుని కనిపిస్తుంది. కార్డు వైపు కనెక్టర్‌లో ప్లాస్టిక్ పలిగిందా, రంధ్రంలో ఏదైనా పిన్ను ముక్క ఇరుక్కుందా చూడండి. ఈ రెండిట్లో ఏది కనిపించినా ఆ కార్డును మరో స్లాట్‌లో పెట్టకండి, ఆ స్లాట్‌లో స్పేర్‌నూ పెట్టకండి. పలిగిన కనెక్టర్ మంచి స్లాట్ పిన్నుల్ని వంచుతుంది, వంగిన పిన్ను మంచి కార్డు కనెక్టర్‌ను పగలగొడుతుంది. ఒక్క కార్డు ఖర్చు ఛాసిస్ ఖర్చయ్యేది ఇలాగే.

పిన్నులు బాగుంటే స్పేర్‌ను మూడో స్లాట్‌లో పెట్టండి. పాతదాన్ని వీలుంటే ఖాళీ స్లాట్‌లో పెట్టి, ఆ స్లాట్ పేరుతో ఇంటర్‌ఫేస్ కాన్ఫిగ్ రాసి, లూప్‌బ్యాక్ మీద ట్రాఫిక్ నడపండి. ఎర్రర్ పాత కార్డుతో పాటు వెళ్లిందా, కార్డుదే. మూడో స్లాట్‌లో స్పేర్‌కు కూడా వచ్చిందా, స్లాట్, ఫ్యాబ్రిక్, లేదా పవర్. ఎక్కడా రాలేదా, అప్పుడే అసలు జాగ్రత్త కావాలి. కనెక్షన్ సరిగా కూర్చోకపోవడం వల్లే అయ్యుండొచ్చు, వేడెక్కాక వచ్చే జబ్బు కూడా కావచ్చు. వారం పాటు పూర్తి లోడ్ మీద ఉంచాకే కేసు మూయండి.

స్పేర్ లేవగానే ట్రాఫిక్ ఎక్కించకండి. ఎక్స్‌ఆర్‌లో షో హెచ్‌డబ్ల్యూ మాడ్యూల్ ఎఫ్‌పీడీ చూసి ఫర్మ్‌వేర్ పాతదైతే అప్‌గ్రేడ్ చేసి ఒకసారి రీలోడ్ చేయండి, మధ్యలో కరెంటు పోకుండా చూసుకోండి. స్టోర్‌లో ఏళ్లు పడున్న కార్డులకు ఇది దాదాపు తప్పదు. కొత్త రివిజన్ కార్డయితే మీ సాఫ్ట్‌వేర్ వెర్షన్ దాన్ని గుర్తిస్తుందో లేదో బెంగళూరులో బండెక్కించేముందే చూసుకోవాలి. ఇప్పుడే స్టోర్‌కు ఫోన్ చేసి పార్ట్ నంబరు, రివిజన్ చదివించుకోండి.

ఆర్‌ఎమ్‌ఏ టికెట్‌లో కార్డు పనిచేయడం లేదని రాస్తే తిరిగి ప్రశ్నలే వస్తాయి. సీరియల్ నంబరు, రెండు రీబూట్ల సమయాలు, చిప్ నంబరు, రెండుసార్లూ కనిపించిన అడ్రస్, స్లాట్ మార్చి చూసిన ఫలితం, ఈ అయిదూ మొదటి మెసేజ్‌లోనే పెట్టండి. పాత కార్డు మీద ఎర్ర ట్యాగు కట్టి, దాని మీద తేదీ, స్లాట్, లక్షణం రాసి, ఈఎస్‌డీ సంచిలో స్పేర్ల అరకు దూరంగా పెట్టండి. ట్యాగు లేకపోతే ఏదో ఒక అర్ధరాత్రి ఎవరో దాన్నే మంచి కార్డనుకుని తీసుకెళ్లి మరో సైట్‌లో పెడతారు.